నువ్వు చుడితే

నీలం నగర్‌లో అరుగు మీద వదిన బీడీలు చుడుతోంది. ఆడపడుచు ఇంగ్లీషు క్లాసు నుంచి అప్పుడే వచ్చింది.

“ఇయ్యాల ఏం నేర్పిండు సారు?”

“‘ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ విల్ స్టే హోమ్.’ వాన పడితే ఇంట్లనే ఉంట అని, వదినా.”

“నేను వాన పడకున్నా ఇంట్లనే ఉంట. నీ ఈడుదాన్నే.”

“గట్లంటవేంది?”

“నిన్న నిన్ను చూడొచ్చినోళ్లకు అత్తమ్మ నేను చుట్టిన బీడీలు నీవని చూపెట్టింది. పిల్ల చెయ్యి మంచిగుందని నిన్ను మెచ్చుకున్నరు. చదువు నీదే, చేతి పేరూ నీదేనా?”

“నేనేమన్న చూపెట్టుమన్ననా?”

“వద్దనలేదు గద. సరే, ఇది ఇంగ్లీషుల చెప్పు: ‘రేపు నువ్వు బీడీలు చుడితే, నేను క్లాసుకు పోత.’”

ఆడపడుచు చాటలోని బీడీ ఆకుల వైపు చూసింది.

“ఏందే, రాదా?”

“చెప్పొస్తది వదినా. చుట్టుడే రాదు.”

“అయితే కూసో, ఆకు కోసే కత్తెర పట్టు. క్లాసు రేపే గద.”