కొస లేని కాగితం పట్టీ

పెడన నేతగాళ్ల సొసైటీలో శనివారం శనివారం నూలు ఇస్తారు. పదింటికి ఇస్తామంటే పన్నెండు దాకా అరుగు మీద కూర్చోవాల్సిందే. ఆ రెండు గంటలూ శోభనాద్రివి. కలకత్తా నుంచి తిరిగొచ్చి నాలుగు నెలలైంది. చేతికి పని దొరకలేదు గానీ నోటికి మాత్రం ఒక్క రోజూ సెలవివ్వలేదు.

ఆ శనివారం కండెల బుట్ట ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్న అతని భార్య కోటేశ్వరమ్మకి ప్రాణం ప్రాణంలో లేదు. సొసైటీకి కొత్తగా జకార్డు పెట్టె వచ్చింది. చీర అంచున పువ్వు దిగాలంటే చిల్లులు కొట్టిన అట్టల్ని దండలాగా కుట్టి, ఆ పెట్టె మీద తిప్పాలి. ఊళ్లో ఆ పని నేర్చినవాడు శోభనాద్రి ఒక్కడే. అతనికే ఇవ్వాలా, గుడివాడ నుంచి ఇంకొకణ్ణి పిలిపించాలా అన్నది ఆ పూటే తేలుతుంది. తేల్చవలసిన ప్రెసిడెంటు వెంకట్రామయ్యగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "ఇవాళ ఒక్క పూట నోరు కట్టుకోండి, మీకు పుణ్యముంటుంది" అని ఇంటి దగ్గరే బతిమాలింది కోటేశ్వరమ్మ. ఆమె మగ్గాలకి నూలు కండెలు చుడితేనే నాలుగు నెలలుగా పొయ్యి వెలుగుతోంది. ఆమెకి ఇంకో దిగులు కూడా ఉంది. కలకత్తాలో అంత మంచి కొలువు వదిలేసి ఎందుకొచ్చాడో అతను ఇప్పటిదాకా చెప్పలేదు. అడిగితే నవ్వి మాట మార్చేవాడు. తాగి ఎవరితోనైనా కలబడ్డాడో, ఏదైనా దొంగిలించాడో అని ఆమె లోలోపలే కుమిలిపోయేది.

ఎదురు కొట్టు సత్తయ్య టీ గ్లాసులు తెచ్చి, ఊరుకోకుండా అడిగాడు. "కలకత్తాలో నువ్వు చేసిన పనేమిటి బావా?"

ఇంకేముంది, గండి పడింది.

"అక్కడో లెక్కల యంత్రం ఉంది బావా, మన సొసైటీ గోడౌనంత. దాని తిండి కాగితం. పొడుగాటి పట్టీకి చిల్లులు కొట్టి నోట్లో పెడితే, వాటిని చదువుకుంటూ చెప్పిన పని చేసి, అవగానే ఆగుతుంది. మనం చిల్లుల పనివాళ్లమే కదా, నన్ను పెట్టుకున్నారు. ఒకరోజు అది మొదలెట్టి ఎంతకీ ఆగదు. పెద్ద లెక్క చేస్తోందా, దారి తప్పి ఊరికే తిరుగుతోందా, పన్నెండుమంది ఇంజనీర్లకి అంతు పట్టలేదు. నేను వెళ్లి చెవి ఆనించాను. 'కండె అయిపోయేటంతసేపు ఓపిక పట్టండి, ఆగుతుంది' అన్నాను. ఆగింది."

ఇక్కడితో ఆపితే బాగుండునని కోటేశ్వరమ్మ వేయి దేవుళ్లకి మొక్కుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్లు నన్ను వదలరే. ఏ పట్టీ ఆగుతుందో, ఏది ఆగదో ముందే చెప్పే పెట్టె ఒకటి చేసి పెట్టమన్నారు. విరిగిన మగ్గం చెక్కతో వారంలో చేసిచ్చాను. పైన రెండు దీపాలు. ఆగే పనికి పచ్చదీపం, ఆగని పనికి ఎర్రదీపం. ఏ పట్టీ పెట్టినా సరే, కొశ్చెనే లేదు. బందరు కోర్టులో మా తాతల నాటి పొలం దావా ఉందా, దాన్ని చిల్లులు కొట్టి పెట్టాను."

"ఏ దీపం వెలిగింది?" అన్నాడు సత్తయ్య.

"ఎర్రది. ప్లీడరుగారు అరవయ్యేళ్లుగా చెప్పలేని సంగతి నా పెట్టె అరనిమిషంలో తేల్చింది. దివిసీమ ఏటిపాయ సముద్రం చేరి ఆగుతుందా అని పెట్టాను. పచ్చది. బందరు సముద్రంలో అలలు ఆగుతాయా అని పెట్టాను చూడు, ఎర్రదీపం అంత ఇదిగా వెలిగింది, ఆ వేడికి మూడంతస్తుల వాళ్లూ అన్నం వండుకున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెల్లదొరల సీమ నుంచి దాని కోసం ఓడ వచ్చింది. ఎక్కిస్తే ఓడ ములిగేట్టుంది, అంత జ్ఞానం ఉంది అందులో. ఇప్పటికీ రేవులో లంగరేసుకుని నా కోసం చూస్తోంది."

అరుగంతా నవ్వింది. వెంకట్రామయ్యగారు నవ్వలేదు. గుడివాడ పనివాణ్ణి రమ్మని రాసి పెట్టుకున్న కార్డు చేతిలో అటూ ఇటూ తిప్పుతున్నారు. ఇక పని పోయినట్టే అనుకుంది కోటేశ్వరమ్మ.

మూల కూర్చున్న సుబ్బులమ్మ నోట్లో ఆకు సవరించుకుంది. యాభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషి. "అబ్బాయ్, నీ పెట్టె ఏ పట్టీకైనా చెబుతుందా?"

"ఏ పట్టీకైనా పిన్నీ."

"మా ఆయనకి బతికుండగా ఒక అలవాటుండేది. ఈ పూట నేస్తాడు అని నేనంటే లేచిపోయేవాడు. నెయ్యడు అంటే పొద్దుగూకేదాకా నేసేవాడు. నా నోట ఏ మాట వస్తే దానికి ఎదురు. అలాంటి పట్టీ ఒకటి కొట్టు. ముందు అది నీ పెట్టెనే అడగాలి, నేను ఆగుతానా అని. పచ్చదీపం వెలిగిందా, ఆగకూడదు. ఎర్రదీపం వెలిగిందా, అక్కడికక్కడే ఆగిపోవాలి. దాన్ని నీ పెట్టెలో పెట్టు. ఇప్పుడు చెప్పు, ఏ దీపం వెలుగుతుంది?"

శోభనాద్రి నోరు తెరిచాడు. పచ్చ అనబోయి మానేశాడు. ఎర్ర అనబోయి మానేశాడు.

"రెండూ వెలుగుతాయేమో" అన్నాడు సత్తయ్య సాయంగా.

"రెండూ వెలిగితే అది చెప్పిందేముంది? ఏదీ వెలగకపోతే, ఏ పట్టీకైనా చెబుతుందన్న మాట అబద్ధం. అలాంటి పెట్టె నువ్వే కాదు నాయనా, బ్రహ్మదేవుడు కూడా చెయ్యలేడు."

శోభనాద్రి తల వంచుకున్నాడు. పెళ్లయిన పన్నెండేళ్లలో అతను అలా తల దించడం కోటేశ్వరమ్మ చూడలేదు. జాలేసింది. పోయే పని ఎలాగూ పోయింది, మనసులో ముల్లయినా తీసేసుకుందామని మెల్లగా అడిగింది. "మరి ఎందుకొచ్చేశారు?"

అతను టీ గ్లాసు పక్కన పెట్టాడు. "ఒక పట్టీ చిరిగింది. అంటించమన్నారు. మన అట్టల దండ ఎలా కుడతాం? చివరి అట్టని మొదటి అట్టకి కలిపేస్తాం, పువ్వు మళ్లీ మళ్లీ దిగాలి కదా. చెయ్యి అలవాటున పోయింది. చిరుగు అతికించి, ఆ ఊపులో పట్టీ కొసనీ మొదలునీ కూడా కలిపి అంటించేశాను. యంత్రం మూడు రోజులు తిరిగింది. అందరూ చుట్టూ కూర్చున్నారు. ఇప్పుడాగుతుంది, ఇప్పుడాగుతుంది అని. ఆగితే తెలుస్తుంది గానీ, ఆగనిది ఆగదని ఎలా తెలుస్తుంది? మూడో నాడు ఒకాయన నా జిగురు మరక మళ్లీ మళ్లీ రావడం చూశాడు. నన్ను పంపేశారు."

ఆ మూడు రోజుల్లో రెండు రోజులు కోతలే అయ్యుంటాయని కోటేశ్వరమ్మకి తెలుసు. అయినా తాగుడు కాదు, దొంగతనం కాదు, పాడు అలవాటూ కాదు. నేతగాడి అలవాటు. నాలుగు నెలల బరువు ఒక్కసారి దిగిపోయి ఆమెకి కళ్లు చెమర్చాయి.

వెంకట్రామయ్యగారు మొదటిసారి నోరు తెరిచారు. "శోభనాద్రీ, ఆ అతుకు ఊడలేదా?"

"లేదండీ. అన్ని రోజులు తిరిగినా ఊడలేదండీ."

"మొన్న పని రానివాడిచేత మేం కుట్టించిన దండ పూటకి రెండుసార్లు తెగింది." ఆయన గుడివాడ కార్డు రెండుగా చింపేశారు. "సోమవారం పొద్దున్నే రా. ఇక్కడ కొసలు కలపాల్సిందే."

లోపల నూలు తూచడం మొదలైంది. సుబ్బులమ్మ, కోటేశ్వరమ్మ లేచి నిలబడ్డారు. శోభనాద్రి ముఖంలో అప్పుడే కళ తిరిగొచ్చేసింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా బావా? ఆ జిగురులో నేను కలిపిన మందు..."

"కోటేశ్వరమ్మా, ఇది ఆగుతుందా, ఆగదా?" అంది సుబ్బులమ్మ.

"ఆగినప్పుడే తెలుస్తుంది పిన్నీ" అని కోటేశ్వరమ్మ కండెల బుట్ట కింద పెట్టి, నవ్వుకుంటూ మళ్లీ కూర్చుంది.