అరచేతిలో కూన

పశువుల ఆసుపత్రిలో, ఆపరేషన్ గది బయట బల్లమీద అన్నాచెల్లెళ్లు కూర్చున్నారు. వాళ్లు పెంచే బుల్లి కుక్క కాన్పుకని లోపల ఉంది. చెల్లెలు ఒళ్లో తువ్వాలును మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్లీ మడతపెడుతోంది.

"దీని అమ్మమ్మ గోనెపట్టా మీద తనంతట తనే పిల్లల్ని పెట్టింది, అన్నయ్యా. మనం నిద్ర లేచి చూసుకున్నాం, అంతే."

"అది కాస్త పెద్ద కుక్క కదా."

"చిన్నది చేసిందెవరు మరి? పొట్టి కాళ్లదానితో క్రాస్ చేయించావు. ఆ ఈతలో అన్నిటికన్నా బుల్లిదాన్ని ఉంచి, చప్పిడి ముక్కుదానితో చేయించావు."

"కొనే జనం అవే అడుగుతారు. నన్నేం చెయ్యమంటావ్?"

"జనానికేం! ఎద్దు పుండు కాకికి ముద్దు. కాళ్లు తగ్గాయి, నడుము తగ్గింది, పిల్లల తలలు మాత్రం తగ్గలేదు. అందుకే ప్రతి కాన్పుకీ దీనికి కోత. ఇంక చాలు, నావల్ల కాదు."

"నావల్ల మాత్రం అవుతోందా? ఆపేద్దాంలే."

"ఒట్టు?"

"ఒట్టే తల్లీ."

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ బయటికొచ్చింది.

"తల్లికి ఫర్వాలేదు. కూనల్లో ఇదొక్కటే దక్కింది," అంటూ తువ్వాలులో పెట్టి వెళ్లిపోయింది.

చెల్లెలు దాన్ని అరచేతిలోకి తీసుకుంది. చేతిలో ఇంకా చోటు మిగిలింది.

"అబ్బ! ఇంత బుల్లిది మనింట్లో ఎప్పుడూ పుట్టలేదు, అన్నయ్యా! ఎంత ముద్దొస్తోందో చూడు!"

అన్న చూడలేదు. గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"నువ్వే ఇలా అంటే, ఇక కొనేవాళ్లనేం అంటామే?"