మసేనమ్మ సంద్రం తానం

మసేనమ్మంటే ఎల్లాజీ పెళ్ళాం. ఆడోళ్ళలో ఈతంటే దానిదే. కెరటం లెగిసిందనుకో, మనం ఎనక్కి పరిగెడతాం, అది కిందనుంచి దూరీసి అవతల తేల్తాది. చీర గోచీ పోసి బిగించిందంటే మగోళ్ళు కూడా పక్కకి తప్పుకోవాల. నవ్వకండర్రా, నిజమే సెప్తన్నాను. మా పల్లెలో ఆడోళ్ళందరం అలాగే దిగీవోళ్ళం. మా అత్తల కాలంలోనైతే రైక కూడా నేదంట. ఏటైందంటే, అదిగో ఆ దిబ్బమీద బంగళాలో ఒక దొరసాని ఉండేదంట. మెడ కాడినుంచి పాదాల దాకా నల్లగౌను, కాళ్ళకి మేజోళ్ళు, నెత్తికి టోపీ, అలాగ దిగీదంట నీళ్ళలోకి! గౌను తడిసి బరువెక్కీదంట, కెరటం కొడితే పడిపోయీదంట, మా అత్తలే రెక్కలట్టుకుని ఒడ్డుకి లాగీవోళ్ళంట. లాగినోళ్ళని ఏటన్నాదో తెలుసా? ఛీ, సిగ్గు నేదు మీకు, రైకలు నేకుండా నా కంటికి కనబడకండి అన్నాదంట. అలాగొచ్చినాయి మా పల్లెకి రైకలు.

దొరసాని ఎల్లిపోనాది. తరవాత పట్నంవోళ్ళు రావడం మొదలెట్టినారు. ఆ ఆడోళ్ళు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, పాదాలు తడుపుకుని, పిడతకింద పప్పు తిని ఎల్లిపోయీవోళ్ళు. ఆ తరవాత పంజాబీ డ్రెస్సులోళ్ళు, ఆళ్ళు నడుందాకా. ఆ తరవాత నిక్కర్లోళ్ళు. ఇప్పుడు మరి రిసార్టు కట్టినారు గదా, మా తెప్పలు తోసీ రేవులోనే. అక్కడ సూస్తే తొడలు బయటికే, వీపంతా బయటికే. నానేటీ అనను. నీళ్ళలోకి దిగినోళ్ళకి ఒంటిమీద గుడ్డ ఎంత తక్కువుంటే అంత సుఖం, మా అత్తల్నడిగితే అప్పుడే సెప్పీవోళ్ళు. మరి దొరసాని ఆళ్ళనెందుకు తిట్టినట్టు? అది సెప్పండి నాకు.

సరే, ఎల్లాజీ సంగతి. నిరుడు తుఫాన్లో తెప్ప తిరగబడిపోనాది. తెప్ప దొరికినాది, ఎల్లాజీ దొరకనేదు. మాలో ఏటంటే, శవం దొరకనోడికి దినం నాడు పెళ్ళాం ఆడు తెప్ప తోసిన రేవులోనే పీకల్దాకా దిగి తానం సెయ్యాల. అప్పుడుగాని ఆడు పైకెల్లడు. నేదంటే ఆ నీళ్ళలోనే తిరుగుతాడంట పాపం, ఒడ్డుకేసి సూసుకుంటా. మసేనమ్మ గోచీ పోసుకుని వొచ్చినాది. సూస్తే రేవుకి అడ్డంగా తాడు కట్టుంది. తాడు కాడ అప్పన్న. మా పల్లె గుంటడే, రిసార్టోళ్ళు ఖాకీ చొక్కా తొడిగి కాపలా పెట్టినారు. ఆడేమన్నాడూ, పిన్నీ, చీరతో దింపొద్దన్నారే, నన్నేటి సెయ్యమంటావు, కాస్టూం ఉంటేనే దింపమన్నారు అన్నాడు. కాస్టూమంటే ఆళ్ళ ఈత బట్టలనుకో. ఆ ముక్క దానికేటి తెలుసు? కాష్టం అనుకున్నాది. కాష్టం, శవాన్ని కాల్చీ కట్టెలు! నెత్తి కొట్టుకున్నాది. "కాష్టం ఎక్కడిదిరా అప్పన్నా మీ బాబాయికి? శవమే దొరకనేదు గదరా! కాష్టం పేర్చుకోనేకే గదరా సంద్రం కాడికొచ్చినాను!" అని ఇసకలో కూలబడిపోనాది. అప్పన్న, అది కాదు పిన్నీ అన్నాడు, ఇంక సెప్పనేకపోనాడు. నాను పక్కనే ఉన్నాను. రెక్కట్టుకుని లేపబోయినాను.

అది లెగిసి ఇంటికెల్లిపోనాది. అయిపోయిందిలే అనుకున్నాం. ఏటయిపోయింది, మళ్ళీ వొచ్చినాది. నెత్తిమీద ఎల్లాజీ తెడ్డు, ఆడి పాత వల, ఆడు కట్టి విడిసిన లుంగీ. తాడుకి ఇవతల ఇసకలో పేర్సినాది, కిరసనాయిలు పోసినాది, అగ్గెట్టినాది. నైలాను వల గదా, నల్లటి పొగ, కంపు. పొగంతా రిసార్టు మీదకెల్లిపోతంది. గొడుగుల కింద పడుకున్నోళ్ళు దగ్గుకుంటా లెగిసినారు. మేనేజరు కేకలేసుకుంటా పరిగెట్టుకొస్తన్నాడు. మసేనమ్మ ఆడికేసి సూస్తేనా! "ఇదిగోరా మీ బాబాయి కాష్టం. ఇప్పుడు దింపు" అన్నాది అప్పన్నతో. అప్పన్న ఏడుస్తా తాడు ఎత్తి పట్టుకున్నాడు. దిగినాది. పీకల్దాకా దిగి మునిగినాది, ఆ తరవాత ఈదుకుంటా కెరటాల అవతలికెల్లిపోనాది, అక్కడ మొగుడ్ని పేరెట్టి పిలస్తంది, మాకు ఒడ్డు మీదకి ఇనబడతంది. కాస్టూములోళ్ళు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకున్నారు.

అప్పన్న ఉద్యోగం ఆ సాయంత్రమే ఊడిపోనాది, మళ్ళీ తెప్పలెక్కుతన్నాడు. మసేనమ్మకి మాత్రం ఆ మాటకి అర్థం ఇప్పటికీ ఎవరం సెప్పనేదు. మొగుడికి కాష్టం పేర్చనేదని ఆపినారు, పేర్చినాను, దింపినారు, అనుకుంటంది అది. దాని నెమ్మది దానిది. గుడ్డపీలిక కోసం ఆపినారని తెలిసిందనుకో, ఆ నెమ్మదీ పోతాది. రేపు మీరు రేవుకెల్తారు, అది కనబడతాది, పలకరిస్తాది కూడాను. దాని దగ్గర ఈ మాటెత్తారంటే మటుకు ఊరుకోను.