తండ్రి సంతకం పెట్టవలసిన చోట

నా పేరు గంగాదేవి. వయసు 34. మా నాయన పేరు నరసప్ప. ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాను. భర్త పేరు రాయొద్దని అడిగినాను, రాయక తప్పదన్నారు. హనుమంతరాయుడు. ఎర్రమంచి పక్కన కార్ల సామాన్లు చేసే ఫ్యాక్టరీలో పని. రెండేండ్ల కిందట పెనుకొండ కోర్టులో మాకు విడాకులైనాయి. ఆయన మళ్ళీ పెండ్లి చేసుకున్నాడు. మాకు ఒకే బిడ్డ, రాధ, పదకొండేండ్లు, నా దగ్గరే ఉండాది. ఆయన కంపెనీ ఆరోగ్య బీమాలో పాప పేరు తీసేయకూడదని కోర్టు ఉత్తర్వు.

2025 మే 14, బుధవారం. పాప సెలవులకు హిందూపురంలో మా అమ్మ తిప్పమ్మ ఇంట్లో ఉన్నింది. పొద్దున ఆరు గంటలకు అమ్మ ఫోన్ చేసి, పాప కడుపు పట్టుకొని మెలికలు తిరుగుతాందనింది. నేను పోయేసరికి తొమ్మిదిన్నర. ప్రైవేటు ఆసుపత్రిలో చూపిస్తే అపెండిక్స్ వాచింది, ఈ పొద్దే కోయాలన్నారు. బీమా కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో చూసి, "పాప పేరు ఉంది. పాలసీ వాళ్ళ నాన్నది కదా, ఆయన సంతకం కావాలక్కా" అని ఫారం ఇచ్చింది.

ఆయనకు నాలుగు సార్లు ఫోన్ చేసినాను. నాలుగు సార్లూ కట్ చేసినాడు. పాపను అమ్మకు అప్పజెప్పి బస్సెక్కినాను. పన్నెండుంబావుకు పెనుకొండలో దిగి, ఆటోలో ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోయినాను. రెండున్నరకు షిఫ్టు దిగి బయటికి వచ్చినాడు.

"బిడ్డకు ఆపరేషనంట. ఈడ ఒక్క సంతకం పెట్టు, సాలు" అన్నాను.

"మా ఇంట్లో ఆమెకు నెలలు నిండినాయి. బీమా ఏడాదికి ఇంతేనని ఉంటాది. పాపకు వాడేస్తే కాన్పుకు ఏం మిగుల్తాది?" అన్నాడు.

"కోర్టులో ఒప్పుకున్యావు కదా."

"పేరు ఉంచమన్నారు, ఉంచినా. సంతకం పెట్టమని యాడ రాసిండారో చూపించు."

ఆపరేషన్ దేనికని అడగలేదు. కడుపా, కాలా అని కూడా అడగలేదు. హెల్మెట్ పెట్టుకొని పోయినాడు.

విడాకుల అర్జీ జెరాక్సు నా సంచిలోనే ఉన్నింది. తొమ్మిది పేజీలు. ప్రతి పేజీ కిందా ఆయన సంతకం ఉండాది. మమ్మల్ని వదిలించుకునేదానికి ఒక్క పేజీ కూడా విడవలేదు. తిరిగొచ్చే బస్సులో ఆ సంతకాన్ని చూస్తా మోకాలి మీద వేలితో దిద్దినాను. ఐదుంబావుకు ఆసుపత్రిలో ఎవురూ చూడకుండా ఫారం మీద ఆయన సంతకం నేనే పెట్టి కౌంటర్లో ఇచ్చినాను. మా అమ్మకు తెలీదు. ఆసుపత్రోళ్ళకు తెలీదు. ఆరున్నరకు పాపను లోపలికి తీసుకుపోయినారు.

మరుసటి రోజు పాప "నాయన వచ్చినాడా" అనింది. రాలేదు, సంతకం పెట్టి పంపించినాడని చెప్పినాను. ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది. 18వ తేదీ నేను మందులకు పోయినప్పుడు, పాప వాళ్ళవ్వ ఫోన్ తీసుకొని ఆయనకు చేసింది. "నాయనా, నువ్వు సంతకం పెట్టినావంట కదా, నాకు బాగైంది" అని చెప్పిందంట. 19వ తేదీ ఆయన పోలీసు స్టేషన్లో నా మీద కంప్లైంట్ ఇచ్చినాడు. దాని మీద సంతకం పెట్టేదానికి ఎవురూ ఆయన్ని బతిమాలలేదు.

నేను చేసింది తప్పని తెలుసు. శిక్ష నాకు వేయండి. సాక్షికని పాపను మాత్రం పిలిపించొద్దు. వాళ్ళ నాయనే సంతకం పెట్టినాడని అది ఇస్కూల్లో అందరికీ చెప్పుకుంటాండాది.

మేజిస్ట్రేటు గారి ముందర ఇది నేనే చెప్పినాను, ఎవురూ బెదిరించి చెప్పించలేదు. రాసింది నాకు చదివి వినిపించినారు. నేను చెప్పినట్టే ఉండాది. అంతా నిజం.

(సంతకం) గంగాదేవి
హిందూపురం, 23-06-2025, ఉదయం 11.40