చింతపండు వేయని కూర

భద్రాచలంలో సునంద కిరాయికుండే ఇల్లు. ఆదివారం, మధ్యాహ్నం పన్నెండున్నర. ఒంటిగంటకు టీవీలో వంటల పోటీ వస్తుంది. నిరుడు ఆ పోటీలో ఎనిమిదో వారం దాకా నిలిచిన మనిషి సునంద. ఈ ఏడు ఇంట్లో కూర్చుని ఒక్క ఎపిసోడు వదలకుండా చూస్తోంది. ఇవాళ్టిది మాత్రం రాకపోతే బాగుండునని పొద్దుటి నుంచీ వెయ్యి దేవుళ్లకు మొక్కుకుంటోంది. సరిగ్గా ఇవాళే, దుమ్ముగూడెం అవతలి గూడెం నుంచి యశోద వచ్చి టీవీ ముందు చాప మీద కూర్చుంది. ఈ ఏటి పోటీలో ఉన్న మధులత ఆమె కూతురు.

“కరెంటు లేదా ఏంది, సునందా?”

“ఉన్నది యశోదక్కా. ఫ్యాను తిరుగుతనే ఉన్నది గదా.”

“మరి టీవీ పెట్టవేంది?”

“ఇంకా అర్ధగంట ఉన్నది. ముందుగాల అన్నం తిను. ఎప్పుడనంగ బయల్దేరినవో ఏమో.”

“తింట తియ్. చూసినంక తింట.”

“చూసుకుంట తినొచ్చు.”

“చేతుల ముద్ద పెట్టుకొని చూస్తే సోయి ఉంటదా? నువ్వు గట్లనే చూస్తవా?”

“నేనా? నేను నోటుబుక్కు పెట్టుకొని చూస్త.”

“ఏం రాస్తవ్?”

“ఎవలు ఏం వండిండ్రు, జడ్జీలు ఏమన్నరు, ఎవల చెయ్యి ఎక్కడ వణికింది. అన్నీ రాస్త.”

“నీదైతే అయిపాయె గదా. ఇంకెందుకు?”

“ఎందుకో నాకూ తెల్వదక్కా. ఎవలన్న నూనె కాగకముందే తాలింపు గింజలు ఏస్తే ఇక్కణ్నుంచే కేకేస్త. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి నవ్వుతడు. ‘వాళ్లకు ఇనబడదే’ అంటడు. నన్ను ఉప్పెక్కువైందని పంపిచ్చిండ్రు. ఏడాది దాటింది. ఇప్పటికీ ఉప్పు చేతిలకు తీస్తె చాలు, నా నెత్తి మీద ఆ లైట్లు ఎలిగినట్టే ఉంటది.”

“మరి నా బిడ్డ గురించి ఏం రాసినవ్? చదువు.”

“ఇప్పుడెందుకక్కా.”

“చదువు, నేను వింట.”

“మొదటి వారం... కత్తి చెయ్యి మంచిగుంది. రెండో వారం, చేపల పులుసు, బాగుంది. మూడో వారం, మాట తక్కువ, కెమెరా దిక్కు చూడది, గిన్నె దిక్కే చూస్తది.”

“వండేటోళ్లు గిన్నె దిక్కు చూడక ఎటు చూస్తరు?”

“టీవీల గట్ల కాదు. వండుడు సగమే. మిగిలిన సగం కథ చెప్పాలె. ఈ కూర ఎక్కడిది, ఎవలు నేర్పిండ్రు...”

“నువ్వు చెప్పినవ్ గదా, నిరుడు.”

“ఏం చెప్పిన?”

“నేను చూడలే. మధు చూసొచ్చి చెప్పింది. ఎదురుబొంగు లేత కొమ్ముల కూర మీ నాయినమ్మ నేర్పిందన్నవంట.”

“...మంచినీళ్లు తాగుతవా అక్కా?”

“తాగిన. ఇప్పుడే ఇచ్చినవ్.”

“వాళ్లే గట్ల అనుమన్నరు. అక్కడ మాటలు రాసిచ్చేటామె ఉంటది. ‘సంతల పరిచయమైన ఒకామె నేర్పిందంటే ఏం బాగుంటది మేడమ్, ఇంట్ల పెద్దమనిషి నేర్పిందంటే కండ్లల్ల నీళ్లొస్తయి’ అన్నది.”

“వచ్చినయా?”

“ఏంది?”

“కండ్లల్ల నీళ్లు.”

“జడ్జమ్మకు వచ్చినయి.”

“మంచిదే. మీ నాయినమ్మది ఏ ఊరు?”

“వేంసూరు.”

“ఆడ ఎదురుబొంగు ఉంటదా?”

“ఉండదక్కా. వరి, మామిడితోటలు.”

“పాపం, ఆమె కొమ్ములు చూసిందో లేదో.”

“చూడలే. కండ్లతోని గూడ చూసి ఉండదు. అక్కా, నీకు ఎట్ల చెప్పాలె... అప్పుడొక్క మాట జారింది. తర్వాత యూట్యూబుల పెట్టుమన్నరు, ‘నాయినమ్మ కుండ’ అని పేరు పెట్టిన, వేలమంది చూస్తుండ్రు. ఇగ ఎన్కకు తీసుకునేటట్టు లేకపాయె.”

“నేనేమన్న అన్ననా? అప్పుడు మా ఇంటికొచ్చిన రోజు యాదికున్నదా నీకు?”

“ఎట్ల మర్చిపోత? సెలక్షన్‌కు నాలుగు రోజులే ఉండె. వాన దంచుతున్నది.”

“కొత్త కొమ్ములే కావాలని పట్టుబట్టినవ్. పండుగ కాలే, వేల్పుకు పెట్టలే, పెట్టకముందు మేము కొయ్యం, తినం, ఒకలకు ఇయ్యం అన్న.”

“అన్నవ్.”

“నువ్వు మా గడప మీద కూసొని ఏడ్చినవ్.”

“ఏడ్చిన.”

“ఆ ఏడుపు చూడలేక అటుక మీదికెక్కి అంతకుముందేటి ఎండుకొమ్ములు తీసిచ్చిన. ఇవి పులుపు చచ్చిన కొమ్ములు, ఇంత చింతపండు పిండుకో, ఈ పూటకు నడుస్తది అన్న.”

“ఈ పూటకు నడుస్తది అన్నవ్. ఆ మాట గూడ యాదికున్నది.”

“అసలు కూరకు చింతపండు పడది. పచ్చికొమ్ములు సన్నగ తరిగి కుండల పెడితే మూడు రోజులకు వాటంతటవే పులుస్తయి. అది గూడ చెప్పిన.”

“అన్నీ చెప్పినవ్. నువ్వు దాచుకున్నది ఏం లేదక్కా.”

“ఒంటిగంట కావస్తున్నదేమో చూడు.”

“ఇంకా పది నిమిషాలు. అక్కా, ఇయ్యాల వద్దు. కేబులు సరిగ్గ వస్తలేదు. పొద్దుగాల నుంచి గీతలు గీతలు వస్తున్నది. వచ్చే వారం...”

“సునందా, తలుపు తీసే ఉందా? అరే, టీవీ పెట్టనే లేదు నువ్వు. ప్రోమో చూసినవా లేదా?”

“ఫాయిజా, తర్వాత మాట్లాడుకుందాం.”

“తర్వాతేంది? గెస్టుగ పోయినవంట. పక్కింటిదాన్ని, గోడ ఇవతల ఉంటా, ఒక్క ముక్క చెప్పలేదు నాకు.”

“బయట చెప్పద్దని సంతకం పెట్టించుకుంటరు.”

“సంతకం పెడితే నాకు గూడ చెప్పద్దా? ఆ పచ్చచీర ఎంత బాగున్నదో నీకు. చెంచా నోట్ల పెట్టుకొని గిట్ల తల అడ్డం తిప్పినవ్ చూడు, అచ్చం పెద్ద జడ్జి లెక్కనే. మా అత్తమ్మ మూడుసార్లు చూపించమన్నది. ఈమె ఎవరు?”

“మధులత వాళ్లమ్మ.”

“అడవి వంటలు చేస్తదే, ఆ పిల్లనా? సలామ్ అక్కా. మా ఇంట్ల అందరికీ మీ బిడ్డంటే పసంద్. ఎక్కువ మాట్లాడది, పని చేసుకుంట పోతది. ఇయ్యాల ఆ పిల్ల కూరనే గదా సునంద రుచి చూసేది?”

“ఫాయిజా, నీ పొయ్యి మీద ఏమన్న ఉన్నదా?”

“యా అల్లా, పాలు. వస్తా ఉండు, అత్తమ్మను గూడ తీసుకొస్తా. జల్దీ పెట్టు టీవీ.”

“తలుపేసొస్త అక్కా.”

“పోయినవా నువ్వు అక్కడికి?”

“పోయిన.”

“ఎప్పుడు?”

“ఇరువై రోజులు దాటింది. ఇయ్యాల వచ్చేది అప్పుడు తీసిందే.”

“గందుకేనా నువ్వు టీవీ పెట్టంది?”

“కేబులు వైరు నేనే గుంజి పారేసిన. నువ్వు సంచి పట్టుకొని వాకిట్ల కనబడంగనే లోపలికి ఉరికి గుంజిన.”

“చెప్పు మరి. వైరు గుంజినంక నువ్వే చెప్పాలె గదా.”

“ఏడాది ఎదురుచూసిన పిలుపక్కా అది. ఫోన్ మోగితే వాళ్లేనేమో అని ఉరికేదాన్ని. పిలువంగనే ఎగురుకుంట పోయిన. ఏం వండిపిస్తరో, ఎవల ముందట నిలబెడతరో అడగనే లేదు. మేకప్ వేసి కూసోబెట్టిండ్రు. మధు మూకుడు పట్టుకొని వచ్చింది. ఎదురు కొమ్ములు. ‘ఇది మీ నాయినమ్మ కూరనే గదా సునందగారూ, ఈ అమ్మాయి ఎట్ల చేసిందో మీరే చెప్పాలి’ అన్నరు.”

“తిన్నవా?”

“తిన్న.”

“ఎట్లుండె?”

“అక్కా...”

“ఎట్లుండె అని అడుగుతున్న.”

“నువ్వు చేసినట్టే ఉండె. అసలైన పులుపు. కొత్త కొమ్ములు, పండుగ చేసినంక కోసినవి. ఒక్క బుక్క తినంగనే మీ ఇల్లు యాదికొచ్చింది. నేను జన్మల గట్ల వండలేను.”

“గదే అన్నవా?”

“అనలే.”

“ఏమన్నవ్?”

“చింతపండు లేదన్న. ఇది సరైన పద్ధతి కాదన్న. చింతపండే ఈ కూరకు ప్రాణం, మా నాయినమ్మ గట్లనే చేసేది అన్న.”

“ఎందుకు?”

“నిరుడు అదే మాట అన్నదాన్ని గదక్కా. ఇప్పుడు ఈ పిల్లదే సరైందంటే, మరి మీ నాయినమ్మ ఎందుకేసిందని అడుగుతరు. అడిగితే ఏం చెప్పాలె? లేని నాయినమ్మ కూరను ఎక్కడికెల్లి తేవాలె? నాలుగు కెమెరాలు నా మొకం మీదనే ఉన్నయ్. నోటికి అదే వచ్చింది. వచ్చింది గాదు, తెలిసే అన్న. నీ దగ్గర అబద్ధమెందుకు, తెలిసే అన్న.”

“మధు ఏమన్నది?”

“నా దిక్కు చూసింది. చిన్నమ్మా అని పిలువబోయి, మేడమ్ అన్నది. ‘సరే మేడమ్, నేర్చుకుంట’ అన్నది.”

“నేర్చుకుంట అన్నదా?”

“అన్నది. ఇంకో జడ్జి, ‘ఈ కూరను సగం సగం కాపీ కొట్టినవమ్మా’ అన్నడు. అప్పుడన్న నేను నోరు తెరవాలె. తెరవలే. ఆ రోజుతోని ఆమెను పంపిచ్చేసిండ్రు. ఇయ్యాల టీవీల అదే వస్తది. తిట్టు అక్కా. చెప్పు తీసుకొని కొట్టినా పడత.”

“తిడితే ఏమొస్తది?”

“వాళ్లకు ఫోన్ చేసి చెప్పుదామని రెండుసార్లు తీసిన. చెప్తె ఏమైతది, తీసుడు అయిపోయింది, ఎవల ఇంటికి వాళ్లు పోయిండ్రు. పైసల కోసం గాదక్కా, పేరు కోసం గూడ గాదు... పేరు కోసమే. వీధిల పోతుంటే ‘ఆమెనే’ అంటరు గదా, దానికి అలవాటు పడ్డ. సిగ్గు లేకుంట అలవాటు పడ్డ.”

“సునందా, ఏడ్వకు. ఇప్పుడు నువ్వేడిస్తె ఇయ్యడానికి నా దగ్గర ఏం లేదు.”

“నిన్ను చూస్తెనే ఏడుపొస్తున్నది. నీకేం తెల్వకుంట, బిడ్డను చూసుకుందామని గింత దూరం వచ్చినవ్.”

“టీవీ చూడడానికి రాలే నేను.”

“మరి?”

“మధు ఇంటికొచ్చి ఇరువై రోజులైంది. ఎవలకు చెప్పద్దని సంతకం పెట్టిందంట, అందుకే మాట ఇంట్లనే ఉంచుకున్న.”

“అంటే... నీకు ముందే తెలుసా? తెలిసి కూడ నోటుబుక్కు చదువుమన్నవా? నా నోటితోని అన్నీ చెప్పిపిచ్చినవా?”

“నేను అడగకుంట నువ్వు చెప్తవేమో చూసిన. వైరు గుంజినవ్ గని చెప్పకపోతివి. సరే, ఇప్పుడు చెప్పినవ్. చాలు. లే, మొకం కడుక్కో. మూడింటికి దుమ్ముగూడెం బస్సు ఉన్నది, నాతోని రా.”

“ఎక్కడికి? మీ గూడానికా? ఆ పిల్లకు ఏం మొకం చూపించాలె నేను? ఇంకోటి ఏదన్న చెప్పు, చేస్త. యూట్యూబుల అందరి ముందట నీ పేరు చెప్పుమన్నా చెప్త. ఇయ్యాలనే చెప్త.”

“నా పేరు ఏం చేసుకోను? నువ్వు వచ్చి నా బిడ్డ ముందట కూసొని ఒక్కటే మాట చెప్పాలె.”

“తప్పు నాదే అని చెప్పాల్నా?”

“నీ తప్పు సంగతి ఆమెకు పట్టలే. నీ మీద కోపం గూడ లేదు. ‘సునంద చిన్నమ్మకు చింతపండు పొయ్యమని నువ్వే చెప్పినవా అమ్మా’ అని అడిగింది. నాకు అబద్ధమాడుడు రాదు, అవ్, నేనే చెప్పిన అన్న. ఆ పూటకు ఎందుకు చెప్పాల్సి వచ్చిందో ఎంత చెప్పినా ఇంటలేదు, అది నీ నోటితోని చెప్పాలె. ‘గెలిచే కూర బయటామెకు నేర్పి, ఓడిపోయే కూర కన్నబిడ్డకు నేర్పినవ్’ అన్నది. ఆ రోజు నుంచి ఇప్పటిదాక నేను వండిన అన్నం ముడతలేదు నా బిడ్డ.”