మంచుకొండల్లో మనవారిని కాచిన స్వరం

బొబ్బిలి సమీప గ్రామంలోని రైతు కుటుంబంలో జన్మించిన శ్రీ పైల అప్పలసూరి గారు 1984 సెప్టెంబరు పదిహేడవ తేదీన భారత సైన్యపు సిగ్నల్స్ విభాగంలో వైర్‌లెస్ ఆపరేటరుగా చేరారు. విజయనగరంలో బస్సుల రాకపోకలు ప్రకటించే కంట్రోలరుగా ఆయన స్వరం మనందరికీ చిరపరిచితం. ఆ స్వరం సైన్యంలో ఎంతటి గురుతర బాధ్యతను మోసిందో ఎరిగినవారు మనలో కొందరే. ఆయన పదవీ విరమణ చేస్తున్న ఈ ఆనంద సమయాన అది అందరికీ తెలియాలని మా కోరిక.

1999లో కార్గిల్ యుద్ధం సాగుతున్న రోజుల్లో ఆయనను ఒక వాయుసేన అధికారికి తోడుగా నియమించారు. శిఖరాల మీది బంకర్లలో శత్రువు, నిట్టనిలువు వాలు వెంట పాకుతూ మన పదాతి సైనికులు. మెరుపువేగంతో దూసుకొచ్చే విమాన చోదకునికి ఎవరు మనవారో, ఎవరు పరాయివారో పోల్చుకోవడం దుష్కరం. అందుచేత ఆ అధికారి నేల మీద సేనలతోనే ఉండి, బాంబు ఎక్కడ పడాలో, ఎక్కడ పడరాదో పైలట్లకు రేడియోలో చెప్పేవారు. కొండ ఎక్కుతున్న దళంతో మాట్లాడుతూ, వారున్న చోటును ఎప్పటికప్పుడు అధికారికి తెలపడం అప్పలసూరి గారి విధి.

ఆ దళంలో రేడియో పట్టుకున్నవారు ఎచ్చెర్ల దగ్గరి కొండబాబు. ముఖాలు చూసుకోకపోయినా, మాట తీరును బట్టి ఒకే ప్రాంతం వారమని గ్రహించి, తీరిక దొరికితే ఇద్దరూ బావా అంటే బావా అని పలకరించుకునేవారు.

ఒకనాటి ఉదయం దళం ఒక నల్లబండకు దిగువన ఆగుతానని కబురు పంపింది. బండకు ఎగువనున్న బంకరును కొట్టడానికి విమానాలు బయలుదేరాయి. ఇంతలో శత్రువు ఆ బంకరును విడిచిపోవడం చూసి, మనవారు ముందుకు సాగి దానిలో ప్రవేశించారు. ఆ సంగతి చెప్పబోతే రేడియోలో గరగర తప్ప మరేమీ వినబడలేదు. సంకేత పదాలు సగంలోనే తెగిపోతున్నాయి. విమానాల మోత సమీపించింది. అప్పుడు కొండబాబు సంకేతాలన్నీ పక్కన పెట్టి, ఇంటి మాట అందుకున్నారు.

“బావా, బంకరు కాడున్నది మేమే. ఇక్కడ ఎయ్యొద్దని సెప్పు.”

అధికారికి అందులో ఒక్క ముక్క బోధపడలేదు. అప్పలసూరి గారు వెంటనే హిందీలో విషయం వివరించారు. ఇది శత్రువు పన్నాగమైతే ఏమిటని అధికారి అడిగారు. ఆ గొంతు తనకు తెలుసునని, ఆ యాస తమ వైపుదని, అందుకు తానే పూచీ అని ఆయన బదులిచ్చారు. అధికారి ఇక క్షణం జాగు చేయక దాడిని ఆపించారు. విమానాలు తలల మీదుగా గర్జిస్తూ సాగిపోయాయి. ఒక్క బాంబూ జారలేదు. బంకరు దగ్గర మనవారు రంగుపొగ రాజేసి తమ చోటు చూపాక, అవే విమానాలు చుట్టు తిరిగి వచ్చి, పొగకు ఎగువన శిఖరాగ్రంలో ఉన్న శత్రు స్థావరాన్ని ఛేదించాయి. సాయంత్రానికి శిఖరం మన వశమైంది. కాలికి గాయమైన కొండబాబును మర్నాడు హెలికాప్టరులో ఆసుపత్రికి తరలించారు. ఇద్దరూ కలుసుకునే వీలే చిక్కలేదు.

సైన్యం నుంచి విరమణ పొంది 2001లో మా డిపోలో చేరిన అప్పలసూరి గారు, తుఫాను వేళ బస్సులు నిలిచిపోయినా, పండుగ రద్దీలో జనం విసిగిపోయినా, శాంతంగా సమాధానం చెప్పిన సహనశీలి. ఒకసారి మాత్రం మైకు కట్టేయడం మరచి, పులుసులో చింతపండు ఎక్కువైందని తమ ధర్మపత్ని దుర్గాభవాని గారికి ఫోనులో విన్నవించుకున్నారు. ఆ ఫిర్యాదు బస్టాండంతా విన్నది. వారం రోజులపాటు ప్రయాణికులు కూడా పులుసు ఎలా ఉందని ఆయనను కుశలం అడిగారు.

ఆ మైకే ఒక మేలు కూడా చేసింది. ఒక మధ్యాహ్నం ఆయన పలాస బస్సు గురించి చెబుతుండగా, కొంచెం కుంటుతూ ఒక ప్రయాణికుడు గదిలోకి వచ్చి నిలబడ్డారు.

“బావా, నువ్వేనేటి?”

అప్పలసూరి గారు లేచి నిలబడ్డారు. పలాస బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకు వస్తుందో ఆ పూట ఎవరికీ తెలియలేదు. కౌగిలి వదలని ఆ ఇద్దరినీ చూసి మేమంతా పని మరచిపోయాం. తరువాత టీ తాగుతూ కొండబాబే మాకు ఈ కథంతా చెప్పారు.

“మొదట ఆ ఇమానాల మోతకి గుండె జారిపోనాది. తిరిగొచ్చినప్పుడు అదే మోత ఇంటే పేనం లేసొచ్చినాది. పైన మనకి తోడున్నాదని తెలిసినాది,” అన్నారాయన.

నేల మీద పోరాడేవారికి ఆకాశం నుంచి అందే అండ ఎంత బలమైనదో, ఆ అండను సరైన చోటికి నడిపించే మాట అంత విలువైనదని మాకు ఆ రోజే అర్థమైంది.

ఈ నెలాఖరున అప్పలసూరి గారు పదవీ విరమణ చేస్తున్నారు. సత్కార సభ గురించి మాట్లాడడానికి ఇంటికి వెళితే, దుర్గాభవాని గారు తమ మనసులోని మాట దాచుకోలేదు.

“ఊరందర్నీ బస్సెక్కించినారు గానీ, నా పక్కన కూకుని ఒక్కపాలైనా ఎక్కడికీ రాలేదు.”

ఆయన నవ్వి, విరమణ మర్నాటి ఉదయం అరకు బస్సులో రెండు సీట్లు తీసుకున్నానని, కిటికీ పక్కది ఆమెదేనని చెప్పారు. ఆవిడ ముఖం వికసించడం మేమందరం చూశాం.

శ్రీ అప్పలసూరి గారు సంపూర్ణ ఆరోగ్యంతో, ధర్మపత్నీ సమేతులై, నిండు నూరేళ్లూ ఇటువంటి ప్రయాణాలెన్నో చేయాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం. ఆ ఉదయం అరకు బస్సు ప్రకటన మేమే చేస్తాం. ఆయన హాయిగా కూర్చుని వింటే చాలు.