వేలు దూరే పగులు

మూడో అంతస్తులో ఒక అద్దె ఇల్లు. మున్సిపల్ ఇంజనీరు గోడ పగులులో వేలు పెట్టి చూస్తున్నాడు. బట్టలు కుట్టి బతికే ఆ ఇంటి ఇల్లాలు లోపలి గది తలుపుకి అడ్డంగా నిలబడింది.

“మీ వేలు సన్నం సార్, అందుకే దూరింది.”

“నా వేలి సంగతి వదిలెయ్యండమ్మా. పోయినేడాది మావాళ్ళు చూసినప్పుడు ఇందులో గోరు కూడా పట్టలేదు.”

“ఈ ఇల్లు నాకన్నా పెద్దది సార్. ముడతలు పడవా మరి?”

“ముడతలైతే నేనెందుకొస్తాను? ఆ తలుపు తీయండి.”

“ఇదా? ఇందులో ఏమీ లేదు సార్. పాతగుడ్డలు.”

“కోడలా! ఎవరే అది?”

“పాతగుడ్డలు పిలుస్తున్నాయమ్మా.”

“...మా అత్తగారు. మంచం మీదే ఉంటారు, లేవలేరు. ఇప్పుడే కన్నంటుకుంది, మళ్ళీ—”

“కన్నంటుకుంటే కేకేస్తారా? తీయండి.”

“తీస్తాను, తీస్తాను. మెల్లిగా రండి సార్. అడుగు బరువుగా వెయ్యకండి.”

“...ఈ కర్ర ఎవరు పెట్టారు?”

“ఏ కర్ర?”

“దూలానికి పోటు పెట్టిన కర్ర. మంచం పక్కన.”

“అదా... అదీ... అత్తయ్య పట్టుకుని లేస్తారని.”

“లేవలేరన్నారు.”

“అబద్ధాలెందుకే? బాబూ, మొన్న పైనుంచి ఇంత పెచ్చు ఊడి నా దుప్పటి మీద పడింది. అప్పుడు పెట్టింది ఇది.”

“మీరు ఊరుకోండి అత్తయ్యా!”

“చూడండమ్మా. వేలు దూరే పగులుంటే ప్రమాదం. పెచ్చు ఊడి స్లాబు ఇనుప చువ్వలు బయటపడితే ప్రమాదం. దూలం కుంగితే ఇంక చెప్పక్కర్లేదు. రూలు ప్రకారం వీటిలో ఏ ఒక్కటున్నా ఎర్ర కాగితం అంటించి ఖాళీ చేయించాలి. మీ ఇంట్లో అన్నీ ఉన్నాయి.”

“పసుపుది అంటించండి సార్. పసుపుదైతే రిపేరు చేయిస్తే చాలంట కదా. మీకు పుణ్యముంటుంది.”

“పసుపుది అంటించి ఇంటికెళ్తే నాకు నిద్రెలా పడుతుంది?”

“ఎర్రది అంటించి వెళ్తే మేమెక్కడ పడుకోవాలి?”

“...మీకెవరూ లేరా?”

“తమ్ముడున్నాడు, వంతెన అవతల. వాడిదీ అద్దిల్లే. వాడు రమ్మనే అంటాడు. మరదలే... ఎందుకులెండి.”

“ఫోన్ చెయ్యండి.”

“అత్తగారిని కూడా వెంటబెట్టుకొస్తానని ఏ మొహం పెట్టుకుని అడగను?”

“చెయ్యండమ్మా. మీరు బయటపడేదాకా నేనిక్కణ్ణించి కదలను. మంచం దించడానికి నేనూ ఓ చెయ్యేస్తాను.”

“చెయ్యవే. నాతోపాటు నువ్వెందుకు చావడం?”

“అంతమాట అనకండి... చేస్తున్నా, చేస్తున్నా... తమ్ముడూ, నేనేరా. ఒక్క మాట అడుగుదామని... ఆఁ? ...ఎప్పుడూ? ...పిల్లలేరీ? ...ఏడవకు. ఏడవకురా. మీ ఆవిణ్ణీ కంగారుపడొద్దను... సరే. రా.”

“ఏమన్నాడు?”

“వస్తున్నాడు సార్.”

“హమ్మయ్య. సామాను దించడానికి ఓ మనిషి సాయం—”

“సాయానికి కాదు సార్. మూటాముల్లే సర్దుకుని, పెళ్ళాం పిల్లల్తో ఇక్కడ ఉండటానికే వస్తున్నాడు. వాళ్ళింటికి ఇందాకే ఎర్ర కాగితం అంటించి తాళమేసి పోయారట.”